పక్కింటి ఐసు

ఫ్రిజ్ తలుపు తెరుచుకోకుండా పాత మోటారుసైకిలు ట్యూబుతో రెండు చుట్లు చుట్టి ముడేసింది లువా. బయట ఇంకా పూర్తిగా తెల్లారలేదు. డిసెంబరు ముసురు పట్టి మూడు రోజులైంది. సందులో సిమెంటు రోడ్డు తడిసి నల్లగా మెరుస్తోంది.

"బరువనిపిస్తే చెప్పక్కా, దించుకుని మళ్లీ ఎత్తుదాం," అంది పక్కింటి థామ్, అవతలి వైపు వంగి పట్టుకుంటూ.

"మాట్లాడకుండా ఎత్తవే. ఎదురింటి తీ అవ్వ లేచిందంటే మైకులో చెప్పినట్టే."

ఫ్రిజ్ నడుమెత్తుకి మించదు. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న నూడుల్స్ హోటల్లో లువా గిన్నెలు కడుగుతుంది. యజమానురాలు కొత్త ఫ్రిజ్ కొనుక్కుని దీన్ని పాత సామాను వాడికి వేయబోతుంటే అడిగి తెచ్చుకుంది. తలుపు సరిగా పడదు, లోపల లైటు వెలగదు. కానీ పై అరలో ఐసు మాత్రం గట్టిగా పడుతుంది. ఆమెకి కావలసింది కూడా అదే.

లువా మొగుడు ఖియెమ్‌కి రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసి నాలుగేళ్లు. సోమ, బుధ, శుక్రవారాలు జిల్లా ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. రోజంతటికీ అర లీటరుకి మించి నీళ్లు తాగకూడదు. దప్పికైతే చిన్న ఐసు ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా చప్పరించమంది నర్సు. మనిషి అలా చప్పరిస్తూ, ఏ పండో తింటున్నట్టు కళ్లు మూసుకుంటాడు.

ఏటా డిసెంబరులో ఊళ్లో పేద కుటుంబాలని లెక్కిస్తారు. నేల మట్టిదా, సిమెంటా? కప్పు రేకా, పెంకా? టీవీ ఉందా, మోటారుసైకిలు ఉందా, పందులెన్ని? ఒక్కోదానికి కొన్ని మార్కులు. అన్నీ కలిపి నూట నలభై దాటితే ఆ ఇల్లు పేద ఇల్లు కాదు. పేద ఇంటి కార్డుంటే ఆసుపత్రిలో అంతా ఉచితం. లేకపోతే ప్రతిసారీ నూటికి ఇరవై చేతి నుంచి కట్టాలి, నెలకి పదమూడుసార్లు. లువావాళ్లకి పోయినేడు నూట ముప్పై ఆరు వచ్చాయి. ఫ్రిజ్‌కి పది మార్కులు. అది దేనికోసం పెట్టుకున్నారో రాసే గడి ఆ కాగితంలో లేదు.

థామ్ ఇల్లు నిన్ననే చూసేసి వెళ్లారు. నూట ముప్పై రెండు వేసి సంతకం కూడా పెట్టించుకున్నారు. థామ్ మొగుడు మూడేళ్ల కింద మేడ కడుతుండగా పరంజా మీంచి పడి చనిపోయాడు. ఇంట్లో మంచం పట్టిన అత్త, పదకొండో తరగతి చదివే కూతురు దావో, వాళ్లని మోస్తూ థామ్. చూసేసిన ఇంటికి మళ్లీ ఎవరూ రారు కాబట్టి ఫ్రిజ్‌ని రెండు రోజులు అక్కడ ఉంచడానికి ఇబ్బంది లేదు. లెక్కల రోజుల్లో ఈ ఊళ్లో టీవీలు, కోళ్లు, ఒక్కోసారి మోటారుసైకిళ్లు కూడా చుట్టపు చూపుగా పక్కిళ్లకి వెళ్లి వస్తుంటాయి. అందరికీ తెలిసిందే.

వంటింట్లో పందుల దాణా వండే డేగిసా పక్కన దించి, పాత దుప్పటి కప్పారు.

"ఐసు కావాలంటే వచ్చి తీసుకుపో," అంది థామ్, నడుం మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతూ. "మా దావో అందులో జెల్లీ పెట్టుకుంటానంటోంది. అద్దె తీసుకోనులే, జెల్లీతో చెల్లు."

* * *

తొమ్మిదింటికి వచ్చారు. గ్రామపెద్ద దువాన్, చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ చూసే కమ్యూన్ ఆఫీసు నుంచి బిక్ అనే అమ్మాయి. బిక్ చేతిలో ట్యాబ్, కాళ్లకి గులాబీ రంగు రబ్బరు బూట్లు. దువాన్ ఖియెమ్‌కి పెదనాన్న కొడుకు. లువాకి బావగారు. చుట్టరికం ఉన్నవాడు లెక్కకి వస్తే ధైర్యంగానూ ఉంటుంది, భయంగానూ ఉంటుంది.

"కూర్చోండి బావగారూ. టీ పోస్తాను."

"టీ తర్వాత. ఇంకా ఆరిళ్లు తిరగాలమ్మా." దువాన్ ఇల్లంతా కలయజూశాడు. "ఈసారి కొంచెం కష్టంగా ఉంది లువా. ఊరి మొదట్లో కమాను కట్టాం చూశావుగా. సంవత్సరం తిరిగేలోపు మన కమ్యూన్‌కి ఆదర్శ కమ్యూన్ బిరుదు రావాలి. మన ఊళ్లో పేద ఇళ్లు మూడే ఉండాలన్నారు పైనుంచి."

"ఇప్పుడు అయిదున్నాయి కదండీ."

"సుంగ్ మామ తనంతట తనే పేరు తీసేయమని అర్జీ పెట్టాడు. ఇక నాలుగు. ఆ ఒంటరి ముసలాళ్లిద్దరినీ ఎవరూ కదపలేరు." అక్కడితో ఆపేశాడు.

మిగిలింది తనూ, థామూ. లువా ఆ లెక్క వేసుకున్నాక టీ కెటిల్ వైపు చూసింది తప్ప ఇంకెటూ చూడలేకపోయింది.

బిక్ ట్యాబ్‌లో నొక్కుతోంది. "నేల సిమెంటు. కప్పు పెంకు. టీవీ ఉంది, పాతది. పందులు?"

"ఒకటి."

"కోళ్లు?"

"ఎనిమిది. తొమ్మిదోది నిన్న చచ్చింది, దాన్ని కూడా రాసుకుంటావా తల్లీ?" అన్నాడు మంచం మీంచి ఖియెమ్. బిక్ నవ్వింది.

గోడవారన ఫ్రిజ్ ఉన్నచోట నేల చుట్టుపక్కలకంటే తెల్లగా నలుపలకల మచ్చలా ఉంది. లువా దాని మీద బియ్యం డ్రమ్ము జరిపి పెట్టింది కానీ డ్రమ్ము గుండ్రం. నాలుగు మూలలా తెలుపు బయటికి కనిపిస్తోంది. బిక్ కళ్లు అటు వెళ్లకుండా ఆమెకీ గోడకీ మధ్య నిలబడి చేతులు తుడుచుకున్న గుడ్డతోనే మళ్లీ తుడుచుకుంది.

అప్పుడు కటక్‌మంది.

ఖియెమ్ నోట్లో ఐసు. ముక్క కరిగిపోతుందేమోనని ఎప్పుడూ కొరకడు. ఇవాళ కంగారులో కొరికాడు. మంచం మీద దుప్పటి చాటున గిన్నె, గిన్నెలో ఫ్రిజ్ మోసే ముందు తీసిపెట్టిన ముక్కలు ఇంకా అయిదారు.

బిక్ తలెత్తింది. "ఈ చలిలో ఐసా? ఎక్కడిది?"

"ఆయన నీళ్లు తాగకూడదమ్మా. డాక్టరు చెప్పాడు..."

"అది కాదు పిన్నీ. ఎక్కడి నుంచి తెచ్చారని?"

ఫ్యాక్టరీ గేటు దగ్గర కొట్లో కొన్నానని అంటే సరిపోయేది. హోటల్ నుంచి తెచ్చానన్నా సరిపోయేది. ఆ తర్వాత మూడు రోజులు లువాకి అలాంటి జవాబులు ఇరవై తట్టాయి. ఆ నిమిషంలో మాత్రం నోటికి వచ్చింది ఒకటే.

"పక్కింట్లోంచి."

"పక్కిల్లంటే థామ్ గారిది కదూ?" బిక్ ట్యాబ్‌లో వెనక్కి జరిపింది. "వాళ్లకి ఫ్రిజ్ ఉందని నేను రాసుకోలేదే."

దువాన్ లేచి నిలబడ్డాడు. "నిన్న చూడ్డం మర్చిపోయి ఉంటాం. పద, రెండడుగులేగా."

లువా గొడుగు లేకుండానే వెంట పరిగెత్తింది. తీ అవ్వ గుమ్మంలో కూర్చుని తమలపాకు నములుతోంది. "ఏమే, పెళ్లివాళ్ల వెనక బాజావాళ్లలా ఆ పరుగేంటి?" అని కేకేసింది. లువా ఆగలేదు.

థామ్ వంటింట్లో దాణా కలుపుతోంది. బిక్ దుప్పటి పైకెత్తింది. ట్యూబు ముడి ఇంకా విప్పలేదు.

"ఇది ఎవరిదండీ?"

థామ్ చేతిలో గరిటె ఆగిపోయింది. బిక్ భుజం మీదుగా లువాని చూసింది. లువా గుమ్మం బయట చూరు కింద, జుట్టు మీంచి నీళ్లు కారుతుండగా నిలబడి ఉంది. తనే చెప్పాలి. నోరు విప్పితే చాలు. దువాన్ చెప్పిన "మూడే" అన్న మాట ఆమె నాలుక మీద బరువుగా కూర్చుంది.

"మాదేనండీ," అంది థామ్. "మా తమ్ముడు నిన్న రాత్రి తెచ్చి పడేశాడు. పనిచేస్తుందో లేదో కూడా తెలీదు."

"ఐసు ఇస్తోంది కదా, పనిచేస్తున్నట్టే," అంది బిక్ మర్యాదగానే. తెర మీద వేలు పెట్టి నొక్కింది.

పైనుంచి మూడేనన్న సంగతి థామ్‌కి ఇంకా తెలియదు. పక్కింటి మార్కులు ఒక పది తన మీద వేసుకున్నానని మాత్రమే అనుకుంది. నూట ముప్పై రెండూ పదీ కలిపితే ఎంతవుతుందో ఆ కంగారులో లెక్క వేసుకోలేదు.

* * *

గురువారం సాయంత్రం ఊరి హాలు బోర్డు మీద జాబితా అంటించారు. మూడు పేర్లు. లువా మొగుడి పేరు మూడోది. థామ్ పేరు లేదు.

ఆ పూట ఐసుకి లువా వెళ్లలేదు. ఖియెమ్ పెదాలు తడుపుకుంటూ టీవీ చూశాడు. కాసేపటికి థామే గిన్నె పట్టుకుని వచ్చింది. గిన్నె మంచం మీద పెట్టింది. కూర్చోలేదు.

"నూట నలభై రెండట అక్కా. రెండు మార్కులు."

"చూశాను."

"దావో స్కూలు ఫీజు, మా అత్త మందులు... నీకు తెలియందేముంది." థామ్ గొంతు తగ్గించింది. "ఆదివారం మీటింగు ఉంది. అభ్యంతరాలుంటే చెప్పమంటారు. నేను చెబితే నన్ను అబద్ధాలకోరు అంటారు. ఫ్రిజ్ మాదేనన్నది నేను."

లువా పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఖాళీ గిన్నె అని తెలిసీ మూత తీసి చూసింది.

"నీ నోటితో నువ్వు చెబుతావా, చెప్పవా? అది చెప్పు చాలు. నేను దానికి తగ్గట్టు చూసుకుంటాను."

"ఆలోచించుకోనీ థామ్."

"ఆలోచించు. ఐసు కరిగిపోతుంది, ఆయనకి ఇవ్వు." తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్లింది.

శుక్రవారం ఆసుపత్రిలో ఖియెమ్‌ని యంత్రానికి తగిలించాక లువా వరండాలో బల్ల మీద కూర్చుంది. లోపల ఏడో నంబరు మంచం మీద కొత్త మనిషి ఉన్నాడు. పోయిన నెల వరకూ అక్కడ ఇటుక బట్టీ మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. వాళ్ల ఊరు ఆదర్శ గ్రామమయ్యాక ఆయన కార్డు పోయింది. వారానికి మూడుసార్లు వచ్చేవాడు రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు. కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టేవి కావు. తర్వాత రాలేదు. ఆయన భార్య మందుల చీటీ కోసం వచ్చినప్పుడు లువా పలకరించలేదు. ఏమని పలకరించాలో తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు అద్దంలోంచి ఫ్యాక్టరీ కనిపించింది. తెల్లటి గోడ రెండు కిలోమీటర్ల పొడవుంటుంది. ఆ గోడ అవతల మూడో గేటు దగ్గర ఎక్కడో వాళ్ల వరి పొలం ఉండేది. పొలానికి ఇచ్చిన పరిహారం ఆసుపత్రికే పోయింది.

"థామ్ నిన్ను నిజం చెప్పమంది కదూ?" అన్నాడు ఖియెమ్. రక్తం శుద్ధి అయిన రోజున ఆయన ముఖం తేటగా ఉంటుంది. మాట కూడా తేటగా వస్తుంది.

"విన్నావా?"

"కిడ్నీలు పోయాయి కానీ చెవులు బాగానే ఉన్నాయి."

"ఏం చేయమంటావు మరి?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. అద్దం మీది ఆవిరిని వేలితో తుడిచాడు.

* * *

ఆదివారం పొద్దున ఊరి మైకు ఏడింటి నుంచే మోగింది. హాల్లో ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద ఎర్ర గుడ్డ, పళ్లెంలో వేరుశెనగ చిక్కీలు. ఖియెమ్ పత్తి కోటు వేసుకుని వెనక వరసలో కూర్చున్నాడు. శుక్రవారం నుంచి సోమవారం దాకా యంత్రం ఉండదు. ఆదివారం ఆయనకి దప్పిక రోజు.

ముందు సుంగ్ మామని పిలిచారు. "స్వచ్ఛందంగా పేదరికం నుంచి బయటపడినందుకు" అని రాసిన ప్రశంసాపత్రం ఎర్ర ఫ్రేములో పెట్టి ఇచ్చారు. ఒక దుప్పటి కూడా ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"పత్రంతో పాటు దుప్పటెందుకురా?" అంది తీ అవ్వ పైకే. "పేదరికంలోంచి బయటికొస్తే చలేస్తుందనా?"

హాలంతా నవ్వింది. దువాన్ కూడా నవ్వి, జాబితా చదివాడు. మూడు పేర్లు. "అభ్యంతరాలున్నాయా?"

ఎవరో దగ్గారు. థామ్ మూడో వరసలో వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. వెనక్కి తిరగలేదు. లువా తన మోకాళ్ల మీద చేతులకేసి చూసుకుంది. గిన్నెల సబ్బుకి చేతివేళ్లు పగిలి ఉన్నాయి. ఏడో నంబరు మంచం గుర్తొచ్చింది. కాళ్లకి పట్టని చెప్పులు గుర్తొచ్చాయి.

"లేవు," అన్నాడు దువాన్. గొంతులో బరువు దిగిన చప్పుడు. "ఇకపోతే, థామ్ ఇంటి పరిస్థితి కూడా ఈ ఏడు మెరుగుపడింది. మార్కులు దాటాయి కాబట్టి ఎలాగూ పేరు పోతుంది. ఊరికే పోయేకంటే తనే అర్జీ పెట్టుకుంటే తనకీ గౌరవం, మనకీ గౌరవం. రా అమ్మా, ఇక్కడ సంతకం."

థామ్ లేచి ముందుకు వెళ్లింది. బిక్ అచ్చు కాగితం ముందు పెట్టింది. దువాన్ మైకులో చదివాడు: "మా కుటుంబ ఆర్థిక పరిస్థితి స్థిరపడిందని గ్రహించి, నాకంటే కష్టాల్లో ఉన్నవారికి అవకాశం ఇవ్వాలని, నా ఇష్టపూర్వకంగా..."

థామ్ పెన్ను తీసుకుంది. వంగింది. ఇంటిపేరు రాసింది. అంతదూరం నుంచి కూడా పెన్ను కదలడం లువాకి కనిపించింది. గురువారం రాత్రి ఐసు గిన్నె తెచ్చి ఇచ్చిన చెయ్యే అది.

"ఆ ఫ్రిజ్ నాది."

తన గొంతు తనకే గట్టిగా వినిపించింది. కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఏమిటి లువా?" అన్నాడు దువాన్.

"ఫ్రిజ్ నాది బావగారూ. థామ్‌ది కాదు. మీరొచ్చే రోజు పొద్దున్నే ఇద్దరం మోసుకెళ్లి దాచాం. దాచమని అడిగింది నేను. తమ్ముడు తెచ్చాడన్న మాట నా మొహం చూసి చెప్పింది."

"కూర్చో," అన్నాడు దువాన్ మైకు పక్కకి జరిపి. "రాసుకున్నది రాసుకున్నాం. పైకి పంపేశాం. అనవసరంగా..."

"పంపలేదండీ," అంది బిక్. "రేపు పంపాలి."

దువాన్ ఆ అమ్మాయి వైపు చూసిన చూపుకి ఆమె తల దించుకుంది. మూలనుంచి ఒకాయన లేచాడు. "చెప్పింది కదా, ఇంకేంటి? ఎవరి ఫ్రిజ్ వాళ్లకి రాయండి." ఇంకొకాయన, "అదేదో అప్పుడే చెప్పొచ్చుగా, మొగుడికి ఉచితంగా వైద్యం కావాలి గానీ," అన్నాడు. "నోర్ముయ్యరా," అంది తీ అవ్వ. "పోయినేడు నీ మోటారుసైకిలు మా గొడ్ల పాకలో గడ్డి తింది."

"సాక్ష్యం కావాలా?" వెనక వరసనుంచి ఖియెమ్ లేచాడు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. "ఆ ఐసు తింది నేను. కావాలంటే నా నోరు చూసుకోండి. ఇంతకంటే ఎండిన నోరు ఈ ఊళ్లో లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

చేతులెత్తమన్నారు. ముందు కొన్ని, తర్వాత చాలా. బిక్ ట్యాబ్‌లో పది మార్కులు ఒక ఇంట్లోంచి తీసి ఇంకో ఇంట్లో వేసింది. నూట నలభై ఆరు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. మూడు అలాగే మూడుగా ఉంది. కమాను కూడా దాని చోట అది ఉంది.

"దొంగ లెక్క అని రాస్తే మచ్చ పడుతుంది," అన్నాడు దువాన్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి. ఇప్పుడు అతని ముఖంలో గ్రామపెద్ద లేడు, పెదనాన్న కొడుకే ఉన్నాడు. "నీ ఇష్టంతో వదులుకున్నట్టు రాసెయ్. నా మాట విను."

అచ్చు కాగితం ఒక్కటే తెచ్చారు. థామ్ రాసిన ఇంటిపేరు కొట్టేసి, దాని కింద లువా తన పేరు రాసింది. పైనున్న వాక్యం మళ్లీ చదవలేదు. నాకంటే కష్టాల్లో ఉన్నవారికి అన్నచోట మాత్రం కన్ను ఒక్క క్షణం ఆగింది. చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు. సగం మంది కొట్టారు.

* * *

దాణా డేగిసా పక్కన ట్యూబు మళ్లీ చుడుతుంటే థామ్ నోరు విప్పింది.

"గురువారం రాత్రే చెప్పి ఉంటే నాకు మూడు రోజుల నిద్ర మిగిలేది."

"మిగిలేది."

"పెన్ను పట్టుకున్నాక కూడా చెప్పవనే అనుకున్నాను. నిన్ను తిట్టుకున్నాను, మీ ఆయన్ని తిట్టుకున్నాను. ఆ మనిషి చచ్చినా బాగుండునని ఒకసారి అనుకున్నాను కూడా." థామ్ ముడి బిగించి లాగింది. "ఇది నీకు చెప్పాలని చెబుతున్నాను. నీకు కృతజ్ఞత చెప్పను."

"నేను అడగలేదే. ఎత్తు."

ఎత్తారు. మధ్యలో తీ అవ్వ గుమ్మం ముందు ఒకసారి దించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తారు. అవ్వ తమలపాకు నములుతూ చూసింది కానీ ఏమీ అనలేదు. అది ఆ ఊళ్లో ఎవరూ ఎప్పుడూ చూడనిది.

బియ్యం డ్రమ్ము జరిపి తెల్లటి నలుపలకల మచ్చ మీదే ఫ్రిజ్ పెట్టారు. పై అర తెరిస్తే ఐసు కరిగి సగం నీళ్లయింది. అందులో దావో జెల్లీ కప్పు ఒకటి ఉండిపోయింది. లువా దాన్ని తీసి థామ్ చేతిలో పెట్టింది.

థామ్ వెళ్లాక ఖియెమ్, హాల్లో లువాకీ ఇచ్చిన ప్రశంసాపత్రం తీసుకుని, తిప్పి చూసి, "ఇది ఎక్కడ తగిలిద్దాం?" అన్నాడు.

"ఫ్రిజ్ వెనక. గోడ చెమ్మ కనిపించకుండా."

"నేను లెక్క వేశాను లువా. వారానికి రెండుసార్లు వెళ్తే..."

"లేదు."

"విను. ఒక నెల..."

"హోటల్లో పొద్దుటి పూట పని కూడా తీసుకుంటాను. పందిని పెరిగేదాకా ఆగకుండా ఇప్పుడే అమ్మేద్దాం. రేపు సోమవారం. ఆరింటి బస్సుకి తయారుగా ఉండు."

ఆయన ఇంకేదో అనబోయాడు. లువా ఐసు ట్రేలో మిగిలిన సన్నటి పలక విరిచి ఆయన నోటికి అందించింది. ప్లగ్గు పెట్టింది. ఫ్రిజ్ ఒకసారి వణికి, ఆగి, మళ్లీ మూలగడం మొదలుపెట్టింది. ట్రే నింపి పై అరలో పెట్టి, తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఈసారి అది తెరుచుకోకుండా పట్టుకోవడానికి ట్యూబు లేదు, ఆమె వీపు తప్ప ఇంకేమీ అడ్డం లేదు.